గోడకు తూర్పున

నా భార్య సమాధుల దొడ్డి గోడకు బయట ఉంది. తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉంది. అక్కడ పెట్టించింది క్రీస్తుదాసు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. అయినా ఈ మధ్యాహ్నం పదకొండు మంది సంఘ పెద్దలు మందిరంలో చాపల మీద కూర్చుని వాదిస్తున్నారు, ఎందుకంటే ఈసారి పోయింది క్రీస్తుదాసు కోడలు. వెంకటశేషమ్మ, ఇరవై రెండేళ్ళ పిల్ల, టైఫాయిడు, తెల్లవారుజామున పోయింది. బాప్తిస్మం కాలేదు. బాప్తిస్మం కాని మనిషికి గోడ లోపల చోటు లేదని మా సంఘం కట్టుబాటు. మే నెల ఎండ, శవం సాయంత్రం దాకా ఆగదు, గుంత లోపల తవ్వాలో బయట తవ్వాలో ఈ గంటలో తేలాలి. నన్ను వెనక బెంచీ మీద కూర్చోబెట్టినారు. అందరూ మాట్లాడినాక నన్ను అడుగుతారట. "ఈ బాధ పడినవాడు మనలో జకరయ్య ఒక్కడే, ఆయన ఎట్టా అంటే అట్టా చేద్దాం" అన్నారు అయ్యగారు. ఈయన కొత్త పాస్టరు, కోవూరు నుంచి వచ్చి రెండేళ్ళు కాలేదు, అందుకని న్యాయం మీద ఇంకా ఆశ ఉంది. మిగతా పదిమంది తలలూపినారు. ఈ తలలు నాకు తెలుసు. ఆ రోజు కూడా ఇట్లాగే ఊగినాయి, అటువైపు.

నేను అల్లూరు మిల్లులో ధాన్యం చూసే పని చేస్తాను. బండి వస్తుంది, గోతంలో చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీస్తాను, పైనుంచి తీసేవాడు వెధవ, పైన ఎప్పుడూ మంచి గింజలే పోస్తారు. అరచేతిలో ఊదుతాను. తాలు ఎగిరిపోతుంది. మిగిలిన గింజను పంటి కింద పెట్టి కొరికితే టక్కుమనాలి. మెత్తగా నలిగితే తడి ధాన్యం, ఈ రోజు బరువు తూగుతుంది, రేపు ఎండినాక ఉండదు. ఐదో తరగతి దాకా చదివినాను, అది చాలు, మనుషుల మాటలు కూడా ఇట్లాగే చూడొచ్చని నాకు నేనే నేర్చుకున్నాను. తొమ్మిదేళ్ళుగా ఆ రోజు మాట్లాడిన ప్రతి మాటనూ ఊదినాను, కొరికినాను. ఎవడి మాట ఎంత తూగుతుందో నాకు తెలిసినంత వాళ్ళకు తెలియదు, వాళ్ళు మాట్లాడి ఇంటికి పోయి అన్నం తిన్నారు.

మాలకొండమ్మ నా మేనమామ కూతురు. మా ఇంట్లో మా నాయన కాలంలో మారినాము, వాళ్ళింట్లో మారలేదు. పెళ్ళయిన పదమూడేళ్ళు ఆదివారం నన్ను మందిరానికి పంపి తను ఇంట్లో ఉండేది. నేను అడగలేదు, అడిగితే వచ్చే మనిషి కాదు. యాభై ఏడు చలికాలంలో ఒక ఆదివారం తనంతట తనే వచ్చి వెనక కూర్చుంది, ఇదిగో ఈ బెంచీ ఉన్న చోటే, అప్పుడు బెంచీ లేదు, పైన రేకులు లేవు, తాటాకు కప్పు. నాలుగు నెలలు వచ్చింది. ఏప్రిల్‌లో పెద్దలు పిలిచి సాక్ష్యం అడిగినారు, చెప్పింది, చేతులెత్తి ఒప్పుకున్నారు. రెబెక్కమ్మ అని పేరు కూడా ఖాయం చేసి పుస్తకంలో రాసినారు. తెల్ల చీర తెచ్చినాను. ఆ నెల రెండో ఆదివారం తూము మడుగులో బాప్తిస్మం. మా సంఘానికి మిషను దొరల కాలం నుంచి బాప్తిస్మం అంటే తూము మడుగే, కాలువ నీళ్ళు తూములోంచి దూకి నడుము లోతు నిలిచే చోటు, గట్టు మీద పాటలు, పిల్లల అల్లరి. ఆ ఏడు ఆనకట్ట మరమ్మత్తని కాలువ నాలుగు రోజులు ముందే కట్టేసినారు. మడుగులో బురద, ఎండ్రకాయలు. "నీళ్ళు వదిలినాక చూద్దాం" అన్నారు పెద్దలు. చూద్దాం అన్నాను నేను కూడా. పంతొమ్మిది రోజులకు వాంతిబేది పట్టింది. ఒక పగలు, ఒక రాత్రి. తెల్ల చీర కట్టించి పంపించినాను.

ఆ రోజు ఈ మందిరంలోనే ముందు మా బడి సమాధానం మేష్టరు లేచి నా తరఫున మాట్లాడినాడు. జాలి మాటలు. పాపం పిల్లలు లేరు, పాపం ఒంటివాడు, పాపం మంచి మనిషి. ఆయన కళ్ళలో నీళ్ళు. తడి ధాన్యం. జాలి వాదం కాదు, వాదం లేనివాడు తెచ్చుకునేది. ఆయన గమ్మున కూర్చుని ఉంటే నాకు ఎక్కువ మేలు జరిగేది. తర్వాత ఒకరు వాక్యం చదివినారు, ఇంకొకరు ఇంకో వాక్యం చదివినారు, వాక్యానికి వాక్యం చెల్లు. ఒకడు, పేరు తలుచుకోను, వాడూ పోయినాడు, "చేతికి తాయెత్తు ఉండింది, నేను చూసినా" అన్నాడు. అది తాయెత్తు కాదు, వాపు తగ్గడానికి కట్టిన పసుపు గుడ్డ. నేను చెప్పినాను. వాడు "ఏమో అబ్బయా, నాకు కనబడింది చెప్పినా" అన్నాడు. అంతే, అబద్ధం నిలిచింది, కనబడిందని చెప్పినవాణ్ణి ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఇంకొకడు "ఈ రోజు ఈమెను పెడితే రేపు ఊరంతా వస్తారు" అన్నాడు. ఊరంతా మా గోడలోకి రావాలని చచ్చిపోతున్నట్టు. తాలు. ఊదితే పోయేవి. ఇవన్నీ ఊదేసి ఉండొచ్చు నేను, నాకు మాట వచ్చి ఉంటే.

అప్పుడు లేచినాడు క్రీస్తుదాసు. బిట్రగుంట రైల్వేలో బుకింగు గుమాస్తాగా చేసి అప్పుడే రిటైరై వచ్చినాడు, రైలు పోయే చోట ముప్ఫై ఏళ్ళు కూర్చున్నందుకు తనకు లోకం తెలుసని నమ్మకం. వీపు వెనక చేతులు కట్టుకుని, "టిక్కెట్టు కొందామని కిటికీ ముందర నిలబడ్డోడు రైలెక్కినట్టా, చెప్పండయ్యా? ఆయమ్మ నిలబడింది, కాదన్లా. ఈలోగా బండి కదిలె. గార్డేం జేస్తాడు, నేనేం జేస్తా?" అన్నాడు. నవ్వినారు. నా భార్య అక్కడ, ఆ కిటికీ పక్కన వేపచెట్టు కింద పెట్టెలో ఉండగా నవ్వినారు, తర్వాత గుర్తొచ్చి నోళ్ళు మూసుకున్నారు. ఆ నవ్వుతో అయిపోయింది. తొమ్మిది చేతులు లేచినాయి. నవ్వించినవాడి మాట గట్టిదనుకునే జాతి మాది. అది వాదమే కాదు, పోలిక. మనిషి చావుకూ రైలుకూ ఏమి సంబంధం? దానికి జవాబు నాకు మూడో రోజు మిల్లులో గోతం కుడుతుంటే దొరికింది: కిటికీ మూసింది ఎవరు? ఆమె నిలబడింది, డబ్బు చేతిలో పట్టుకుని నిలబడింది, మీరు కిటికీ మూసినారు, బండి పోయిందని ఆమెను అంటారా? గట్టి గింజ. టక్కుమంటుంది. మూడు రోజులు ఆలస్యంగా వచ్చిన గింజ దేనికి పనికొస్తుంది. అయినా పారెయ్యలేదు. తొమ్మిదేళ్ళు నాలుక కింద ఉంచుకున్నాను, ఎప్పుడో ఒకరోజు క్రీస్తుదాసు ముఖాన ఉమ్ముదామని.

ఆ రోజు ఇదే. దేవుడికి ఈ మాత్రం హాస్యం ఉందని నేను అనుకోలేదు. ఇప్పుడు ఆయన అదే చోట నిలబడి, వీపు వెనక చేతులు లేవు, ముందు నలుపుకుంటున్నాడు, "టిక్కెట్టు లేదన్నది నిజమే. నేను అబద్ధం ఆడను. అయితే గార్డుకు ముందే చెప్పుకుని ఎక్కినోణ్ణి మధ్యలో దించరయ్యా. లోపల రాసిస్తారు. రూలే ఉండాది" అంటున్నాడు. సమాధానం మేష్టరు, ముసలివాడైనాడు, పళ్ళు పోయినాయి, జాలి కూడా పోయినట్టుంది, చాప మీదనుంచే "అన్నా, పోయినసారి మీ బండికి గార్డు లేడా?" అన్నాడు. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. "అప్పటి రూలు వేరు మేష్టరూ" అన్నాడు క్రీస్తుదాసు. సిగ్గు లేదు. సిగ్గు ఉన్నవాడు ఇంకో పోలిక అయినా వెతుక్కుని ఉండేవాడు, బస్సు ఉంది, పడవ ఉంది. ఆ రైలునే వెనక్కి నడుపుతున్నాడు. పోనీ తూకం వెయ్యి జకరయ్యా, కోపం పక్కన పెట్టి తూకం వెయ్యి, అది నీ పని. నా భార్యది గట్టి కేసు. ఆమె అడిగింది, పెద్దలు ఒప్పుకున్నారు, పేరు రాసినారు, నీళ్ళు లేక ఆగింది. ఈ పిల్లది అంతకూడా కాదు. పోయిన ఏడు సాక్ష్యానికి పిలిచి బాప్తిస్మం ఎందుకమ్మా అని అడిగితే, "మా ఆయన ఈ దేవుడి కాడ ఉన్నాడు, నేను ఆయన కాడ ఉన్నాను" అంది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకా నమ్మకం కుదరలేదు, వచ్చే ఏడు రా అని పంపినది ఎవరు? మామ క్రీస్తుదాసే, తన ఇంటి మనిషికి సులువు చేసినాడని ఎవరూ అనకూడదని. ఆ పిల్ల మాట ఒక్కటే ఈ మందిరంలో నేను విన్న మాటల్లో గింజ ఉన్న మాట. దాన్ని తాలు అని ఊదేసినారు.

పొద్దున ఏడింటికి మా ఇంటికి వచ్చినాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. తువ్వాలు భుజం మీద లేదు, చేతిలో ముద్ద చేసి పట్టుకుని ఉన్నాడు. నేను కూర్చోమనలేదు. "జకరయ్యా, జరిగింది జరిగిపోయింది" అన్నాడు. జరిపినవాడు అనే మాట ఇది, పడినవాడు అనడు. తర్వాత అసలు మాట తీసినాడు. "దొడ్డి గోడ ఎట్టాగూ తూర్పు పక్క కూలేటట్టుండాది. దాన్ని ఒక నాలుగు గజాలు తూర్పుకు జరిపి కడితే మీ ఆడమనిషి కూడా లోపలికొస్తాది. ఖర్చు నాది. నువ్వు మీటింగులో ఒక్క మాట చెప్పు, చాలు." నేను ఆయన ముఖం చూసినాను. గడ్డం గీసుకోలేదు. రాత్రంతా ఆ పిల్ల దగ్గర కూర్చుని ఉంటాడు. అది నాకు కనబడింది, కనబడితే ఏమి. నా భార్యకు తొమ్మిదేళ్ళు కదలని గోడ తన కోడలికి ఒక్క పొద్దున కదిలింది. మాటలతో గోడ కట్టినవాడు మాటలతోనే జరపగలడు, ఇంక ఆ గోడ దేనికి? "ఆలోచిస్తా" అన్నాను. "నీ దయ అన్నా" అన్నాడు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడు. అవసరం మనిషి వయసు తగ్గిస్తుంది.

కిటికీ బయట వడ్రంగి ఖాదర్ బాషా వేపచెట్టు కింద గొంతుకూర్చుని బీడీ తాగుతున్నాడు. పెట్టె తయారైంది, పక్కనే ఉంది. మాలకొండమ్మ పెట్టె చేసింది కూడా ఇతనే, ఆ రోజు ఎవరినీ అడగలేదు, మనిషిని ఒకసారి చూసి పోయి చేసి తెచ్చినాడు. నన్ను చూసి కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఏందన్నా, ఇంకా తెగలేదా? లోపలైనా బయటైనా పెట్టె కొలత ఒకటే గదన్నా" అన్నాడు. ఈ పదకొండు మందిలో ఇంత తెలివైన మాట ఒక్కడు అనలేదు. "మీలో అయితే?" అని అడిగినాను. "మాకు గోడ ల్యా, ముళ్ళకంప. మేకలు దూరతాయి, మనుషుల్ని ఎవరడుగుతారు" అన్నాడు. లోపల అయ్యగారు గొంతు సవరించుకున్నారు, అతను మళ్ళీ చెట్టు కిందికి పోయినాడు.

"ఇంకొక్క మాట" అంటున్నాడు క్రీస్తుదాసు. "పోయిన నెల జ్వరం రాకముందు ఆ పిల్ల మళ్ళీ అడిగింది. ఇద్దామని నాకూ ఉండింది. ఏం లాభం, కాలువ కట్టేసినారు. నీళ్ళు లేకపోతే మనమేం జేస్తాం? మన చేతుల్లో ఉందా?" పదిమందీ అవునవునన్నారు. నిజమే, నీళ్ళు లేవు గదా. మేష్టరు కూడా తలూపినాడు.

ఒంటిగంట దాటింది, గాలి తిరిగింది. రోజూ ఈ వేళకు తిరుగుతుంది, పొలాల మీది వేడిగాలి ఆగి తూర్పు నుంచి సముద్రపు గాలి లేస్తుంది, రేకుల కింద ఉప్పు వాసన నిండుతుంది. అయ్యగారి పుస్తకంలో కాగితాలు ఎగిరినాయి, వేలు పెట్టి అణచుకున్నారు. ఎవరూ తల తిప్పలేదు. మా వాళ్ళకు సముద్రం వీపు వెనక ఉండే వస్తువు. పొలాలు పడమర, కాలువ పడమర, రోడ్డు పడమర, రైలు పడమర, జీతాలు పడమర. తూర్పున ఉప్పుకొఠార్లు, చేపల పాలెం, ఏదీ మాది కాదు. నాలుగు మైళ్ళు. బండి కడితే గంటన్నర. పొద్దున లేస్తే దాని హోరు, పడుకుంటే దాని హోరు, ఆ హోరు వింటూ నీళ్ళు లేవంటున్నారు పదకొండు మంది. ఒక్క వాక్యం చాలు. నేను లేచి "సముద్రంలో కూడా నీళ్ళు కట్టేసినారా క్రీస్తుదాసూ?" అంటే చాలు, ఆయన తొమ్మిదేళ్ళు కూడబెట్టుకున్న పెద్దరికం ఈ చాప మీద కూలిపోతుంది. కిటికీ మూసినవాడెవడన్న నా పాత జవాబు దీని ముందు ఎందుకూ పనికిరాదు. ఇది అన్నిటికంటే గట్టి గింజ. ఆ రోజు వాళ్ళు దీన్నే నా మీద వెయ్యాల్సింది. అబద్ధపు తాయెత్తు తెచ్చినారు, రైలు తెచ్చినారు, ఊరంతా వస్తుందన్నారు, ఇది మాత్రం ఒక్కడికీ తట్టలేదు. అంత ఆశ ఉన్నవాడివి నాలుగు మైళ్ళు ఎందుకు తీసుకుపోలేదు జకరయ్యా అని ఒక్కడు అడిగి ఉంటే నేను నోరెత్తకుండా పెట్టె మోసుకుని గోడ బయటికి నేనే పోయి ఉండేవాణ్ణి. అడగలేదు. ఓడించడం కూడా చేతగాని వాళ్ళ చేతిలో ఓడిపోయినాను.

నాకు తట్టలేదని అనుకుంటే అదొక దారి. నాకు తట్టనవసరం లేదు. ఆమె అడిగింది. ఆ ఏప్రిల్‌లోనే, మామిడికాయలు కోసి ఊరగాయకు ముక్కలు కొడుతూ, కత్తిపీట మీద కాలు పెట్టుకుని, తల ఎత్తకుండా, "కాలువ ఎండితే ఏం బావా, సముద్రంలో నీళ్ళు లేవా?" అంది. మామూలుగా అడిగింది, కూరలో ఉప్పు లేదా అన్నట్టు. మిల్లులో కోతల ధాన్యం గుట్టలు పడి ఉన్నాయి, బండి అడగాలంటే మిల్లు ఆసామిని అడగాలి, అయ్యగారిని ఒప్పించాలి, పెద్దలు నవ్వుతారు, దొరల కాలం నుంచి లేని పని మనమెందుకు మొదలుపెట్టాలి. ఇవన్నీ ఆమెకు చెప్పి ఉంటే అవి కారణాలు. నేను చెప్పలేదు. "నువ్వేమన్నా చేపవా, ఉప్పులో ముంచి ఎండేయడానికి?" అన్నాను. నవ్వింది. నా మాటలకు ఎప్పుడూ నవ్వేది. ముక్క కొట్టింది, టెంక పగిలింది, ఇంక ఆ మాట ఎత్తలేదు. ఒక్క నవ్వుతో ఆమె వాదం ఊదేసినాను. క్రీస్తుదాసు రైలు కంటే ముందు నేను నడిపినాను బండి. అది నాకు తెలుసు. అందుకనే ఆయన్ని క్షమించను. ఆయన నాలాంటివాడు.

"జకరయ్యా" అని పిలిచినారు అయ్యగారు. అందరూ వెనక్కి తిరిగినారు. క్రీస్తుదాసు తువ్వాలు పిడికిట్లో ఉంది. నా నోట్లో గింజ ఉంది, పంటి కింద ఉంది. కొరికితే టక్కుమంటుంది. దాని దెబ్బ ఆయనకు తగిలి వెనక్కి వచ్చి ఎవరికి తగులుతుందో ఇక్కడ ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. అదొక్కటే అయితే ఓర్చుకుందును. కానీ ఆ మాట అంటే క్రీస్తుదాసు ఓడతాడు, గెలిచేది నేనూ కాదు, వేపచెట్టు కింద పెట్టెలోకి పోయే ఆ పిల్ల గోడ బయట పడుతుంది. మా ఆయన కాడ ఉన్నాను అన్న పిల్ల.

"లోపల పెట్టండి" అన్నాను.

"ఏ కారణం మీద?" అని అడిగినారు అయ్యగారు, మంచివాడు, పుస్తకంలో రాసుకోవాలని కలం పట్టుకున్నారు. "కారణం లేదు. పోయినసారి కారణాలు చాలా ఉన్నాయి, చూసినాం గదా. కారణం లేకుండా పెట్టండి." కలం ఆగింది. చేతులు ఎత్తమన్నారు. పదకొండు లేచినాయి. గాలి ఎటు కొడితే అటు లేచే చేతులు, ఈసారి నా గాలి, అంతే తేడా. క్రీస్తుదాసు ముఖం తువ్వాలుతో తుడుచుకుని నా దగ్గరికి వచ్చినాడు. "అన్నా, మాట తప్పను. రేపే మేస్త్రీని పిలుస్తా. గోడ నాలుగు గజాలు..."

"గోడ జరపొద్దు."

"అదేందన్నా? మీ ఆయమ్మ కోసమే గదా?"

"ఇటుక కదిలిందంటే నేనే వచ్చి కూలుస్తా. ఆమె తూర్పున ఉంది. ఉండనీ."

ఆయనకు అర్థం కాలేదు. కోపమనుకున్నాడు, పాత పగ అనుకున్నాడు, అట్లాగే అనుకోనీ, ఆయన తెలివికి అది సరిపోతుంది. బయటికి వచ్చినాను. ఖాదర్ బాషా లేచి బీడీ నేలకేసి తొక్కినాడు. లోపల అని చెయ్యి చూపించినాను. "మంచి పని జేసినావన్నా" అన్నాడు. ఒక అడుగు నాతో నడిచి, "మరి మన అక్క?" అన్నాడు.

ఆ గోడకు తూర్పు పక్కన సముద్రపు గాలి బాగా కొడుతున్నది. నేను నడిచినాను. ఖాదర్ బాషా మంచివాడు, ఆ రోజు పెట్టెకు కూలి కూడా తీసుకోలేదు. అయినా అతనికీ చెప్పను. ఆమె అడిగింది, నేను నవ్వించినాను. ఇంకెవరైనా అడిగితే ఎండ బాగా ఉందంటాను, ధాన్యం ధర పడిందంటాను. ఈ మాట ఇంక నా నోట రాదు.